డ్రోన్ తగిలి దెబ్బ తగిలితే ఎవరిని అడగాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నీలిమబ్బు:
మూడు వారాల కిందట ఓ ఫంక్షన్‌లో వీడియో తీస్తున్న డ్రోన్ ఉన్నట్టుండి ఒరిగి మా చెల్లి మీద పడింది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి కళ్లు దక్కాయి. ముంజేతి మీద మాత్రం దువ్వెనతో గీసినట్టు వరసగా నాలుగు కోతలు. ఒకటి నరం దాకా దిగింది. చిటికెన వేలు ఇప్పటికీ ముడవలేకపోతోంది. ఎగరేసినతను ఆ గందరగోళంలోనే ముక్కలన్నీ బ్యాగులో వేసుకుని వెళ్లిపోయాడు. గాలికి కొట్టుకొచ్చింది, నా తప్పేం లేదంటున్నాడు. ఆసుపత్రి బిల్లు కడతాను, ఒక కాగితం మీద సంతకం చేయండని నిన్న కబురు పంపాడు. చేయొచ్చా?

పాతపైలట్:
వద్దండీ, ఆ సంతకం ఇప్పుడే చేయించకండి. నేను సర్వే పనులకి డ్రోన్లు ఎగరేస్తాను. గాలి అని నోటిమాటగా చెబితే సరిపోదు. చాలా డ్రోన్లలో ఫ్లైట్ లాగ్ ఉంటుంది. కొంత డ్రోన్ మెమరీలో, కొంత ఎగరేసిన ఫోన్‌లోని యాప్‌లో. బ్యాటరీ వోల్టేజ్, ఎన్ని శాటిలైట్లు అందాయి, స్టిక్ ఎటు తిప్పారు, అన్నీ క్షణక్షణం నమోదవుతాయి. ఒకసారి రేకుల షెడ్డు పక్కన నా డ్రోన్ కంపాస్ చెడి, గుండ్రాలు తిరుగుతూ వెళ్లి గోడకి గుద్దుకుంది. కింద ఎవరూ లేరు, అంతే. గాలి వల్లేనని నేనూ అనుకున్నాను. ఇంటికెళ్లి లాగ్ తెరిస్తే, టేకాఫ్‌కి ముందే కంపాస్ హెచ్చరిక వచ్చింది. చూసుకోకుండా లేపింది నేనే.

అందుకే అతనికి ఈరోజే రాతపూర్వకంగా పంపండి: డ్రోన్ రిపేరుకి ఇవ్వొద్దు, యాప్ తీసెయ్యొద్దు, మెమరీ కార్డు చెరపొద్దు అని. చెల్లి ఆరోజు వేసుకున్న బట్టలు కూడా ఉతక్కుండా అలాగే దాచండి.

మూడోఅంతస్తు:
నాదీ ఇదే కథ అమ్మా, చదువుతుంటే కడుపులో తిప్పింది. నాకు చెంప కోసుకుపోయింది. కుట్లు వేసిన వారానికే 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అనే కాగితం మీద సంతకం చేసేశాను. ఆరు నెలలకి మచ్చ బిగుసుకుని నోరు సరిగా తెరుచుకోలేదు, మళ్లీ ఆపరేషన్. ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. వేలు ఎంతవరకు వస్తుందో డాక్టరు తేల్చి రాసి ఇచ్చేదాకా ఆగండి. మానుతున్న గాయాన్ని వారానికోసారి ఒకే వెలుగులో ఫొటో తీయండి. పనికి పోలేని రోజులు లెక్క రాసుకోండి.

కోర్టుమెట్లు:
గాయాల కేసులు చూసే వకీలుని. ఎగరేసిన ఒక్కడినే పట్టుకోకండి. అతన్ని పనికి పెట్టుకున్న సంస్థ, జనం తలల మీద ఎగరనిచ్చిన నిర్వాహకులు, అందరి బాధ్యతా చూడాలి. డబ్బు తరచుగా వచ్చేది వాళ్ల ఇన్సూరెన్స్ నుంచే, కాబట్టి మొదటి నోటీసులోనే పాలసీ వివరాలు అడగండి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కీ పరిహారానికీ మోటారు వాహనాల చట్టం నిబంధనలే వర్తిస్తాయి, 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకి ఇన్సూరెన్స్ మినహాయింపు ఉంది. ప్రమాదాన్ని పైలట్ 48 గంటల్లో తెలియజేయాలి. అమెరికాలో వాణిజ్య డ్రోన్ వల్ల తీవ్ర గాయమైతే 10 రోజుల్లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఏ.ఏ.కి చెప్పాలి. బ్రిటన్‌లో 1982 నాటి పౌర విమానయాన చట్టం 76వ సెక్షన్ కింద, ఎగురుతున్నదాని నుంచి పడి దెబ్బ తగిలితే నిర్లక్ష్యం నిరూపించక్కర్లేకుండానే పరిహారం అడగొచ్చు. మీ ఘటనని అతను ఎక్కడైనా రిపోర్ట్ చేశాడో లేదో కనుక్కోండి. చెప్పకపోతే అదీ మీకు బలమే.

పోలీసు కేసు వేరు, పరిహారం వేరు. 2015లో సియాటెల్ ఊరేగింపులో డ్రోన్ పడి ఒకామె స్పృహ తప్పింది. ఎగరేసిన వ్యక్తికి 2017లో 30 రోజుల జైలు వేశారు. శిక్ష పడినంత మాత్రాన గాయపడినవాళ్ల నష్టం మొత్తం తీరదు, దానికి సివిల్ దావా వేరుగా వేసుకోవాలి. గడువు దాటితే ఎంత న్యాయమున్నా వినరు, ముందు ఆ తేదీ తెలుసుకోండి.

పాతపైలట్:
ఇంకొకటి మర్చిపోయాను. తప్పు యంత్రానిది కూడా కావచ్చు. 2016లో గోప్రో కర్మా డ్రోన్లు గాల్లో ఉండగానే కరెంటు పోయి పడుతుంటే కంపెనీయే దాదాపు 2,500 వెనక్కి తీసుకుంది. బ్యాటరీ గొళ్లెం సరిగా పట్టకపోవడమే కారణం. అలాంటిదైతే తయారీదారు మీద కూడా దావా వేయొచ్చు. మోడల్ పేరు, సీరియల్ నంబరు ఎలాగైనా సంపాదించండి.

నీలిమబ్బు:
అందరికీ దణ్ణం. సంతకం చేసేది లేదని చెప్పేశాం, నోటీసు రాయిస్తున్నాం. పాతపైలట్ గారూ, మీ మాట చదివి చెల్లి ఆరోజు వేసుకున్న కోటు తీశాను. జేబులో గోరంత రెక్క ముక్క దొరికింది. ఒక అంచు పదునుగా ఉంది, రెండో అంచు దగ్గర పాత పగులుకి జిగురు పెట్టి అతికించినట్టు పసుపు గీత కనిపిస్తోంది. ముట్టుకోకుండా కవర్లో పెట్టాను. దీన్ని వకీలుకి ఇవ్వాలా, నేరుగా పోలీసులకా?

కోర్టుమెట్లు:
ముందు కవర్లో ఉన్నట్టే ఫొటోలు తీసి, ఎప్పుడు ఎక్కడ దొరికిందో రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. తర్వాత మీ వకీలు ద్వారానే అప్పగించండి, రసీదు తీసుకోకుండా ఎవరికీ ఇవ్వకండి.