చాయ్ పైసలు మిగిలిస్తే ఇల్లు నిలబడ్తదా?

గల్లగురిగి, హన్మకొండ
పోయిన నెల మా షాపు ఓనర్ నలుగుట్ల ఒక మాటన్నడు, దినాం చాయ్‌లు బజ్జీలు అని తగలేస్తరు, మల్ల ఇరవై తారీఖు దాటంగనే అడ్వాన్స్ అడుగుతరు అని. మస్తు బాధయ్యింది. ఆయన మాట తప్పని సూపిద్దామనే పాపది పాత నోట్‌బుక్కు తీస్కొని ఒకటో తారీఖు నుంచి చిల్లర ఖర్చు మొత్తం రాసిన. చాయ్ 12 రూపాయలు, రోజుకు మూడు, 26 దినాలకు 936. బజ్జీలు 30 చొప్పున 14 సార్లు, 420. పిల్లలకు కిరాణంల కొనిచ్చే ప్యాకెట్లు 640. నీళ్ల బాటిళ్లు 220, కూల్‌డ్రింకులు 180, డేటా అయిపోతే కొట్టిన చిన్న రీచార్జులు 87. అన్ని కలిపితే 2,483. నా జీతం 18 వేలు, అంటే ఏడో వంతుకు దగ్గర్ల వొయ్యింది.

ఇంతకుముందు జేబుల వంద నోటు వెట్టుకొని పోయేది, అది ఒడిస్తే ఇగ ఖర్చు బంద్. ఇప్పుడు ఫోన్ తీసుడు స్కాన్ కొట్టుడు. చిన్న ఖర్చులకు ఫోన్ల ముందుగల్లనే పైసలు ఏస్కునే యూపీఐ లైట్ వెట్టుకున్నంక పిన్ కొట్టుడు గూడ లేదు, బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి సూస్తే అండ్ల లైట్‌లకు ఏస్కున్న 500 ఒక్కటే కనపడ్తది, ఏ చాయ్‌కి పోయింది ఏ బజ్జీకి పోయింది కనపడది. నేనైతే మనల్ని ముంచుతున్నయి ఈ చిన్న ఖర్చులే అంటున్న. మీరేమంటరు?

కాజీపేట ప్యాసింజర్
కరెక్టే అన్న. అండ్లకెళ్లి నెలకు వెయ్యి పోస్టాఫీసుల ఆర్డీ కట్టు, ఐదేండ్లది, ఇప్పుడు మిత్తి 6.7 శాతం. కట్టేది 60 వేలు, చేతికొచ్చేది 71 వేల చిల్లర. నెలకు వంద నుంచి గూడ తీస్కుంటరు. నేను కడుతున్న, ఇంకో ఏడాది ఉంది.

ఎనుమాముల హమాలి
నేను ఒప్పుకోను తమ్మి. చాయ్ మానుమని చెప్పేటోళ్లు ఎప్పుడూ కుర్చీల కూసునేటోళ్లే ఉంటరు. మార్కెట్‌ల మిర్చి సీజన్‌ల వచ్చి ఒక్క గంట బస్తాలు మొయ్యి, ముక్కుకు తువ్వాల కట్టుకున్నా గొంతుల మంట పోదు, ఆ ఘాటుకు రెండు గుటుకల వేడి చాయ్ పడితెనే మళ్ల బస్తా ఎత్తబుద్ధయితది. ఇంకోటి, ఏ కాంట కాడ లోడ్ ఉంది, ఏ లారీ వచ్చింది, అన్నీ ఆ చాయ్ బండి కాడనే ఎర్కయితయ్. నేను నాలుగు దినాలు పైసలు మిగులుతయని అటు పోలే, అటు పోని దినాలల్ల రెండు లోడ్లు నాకు తెల్వకుంటనే వొయినయ్. 12 రూపాయలు సూసి కూలి పోగొట్టుకున్న.

మనల్ని ముంచేది చాయ్ కాదు. కిరాయి, ఫీజులు, దవాఖాన, అప్పు. మా ఇంట్ల ఒక్కసారి దవాఖాన పడితే వారంల 60 వేలు వొయినయ్. నువ్వు చెప్పిన ఐదేండ్ల ఆర్డీ ఒక్క వారంల ఖతం.

కాజీపేట ప్యాసింజర్
అన్నా ఆ 60 వేలు చేతుల ఉంటే అప్పు కాకపోవు కదా, నేననేది గదే.

పరకాల అక్క, పొదుపు సంఘం
ఇద్దరు చెప్పేది నిజమే గాని ఏ చిన్న ఖర్చో సూడాలె. మా సంఘంల దీని మీద మస్తుసార్లు మాట్లాడుకున్నం. అందరూ షాంపూ రూపాయి ప్యాకెట్లు కొనుడు దండుగ అంటరు, నేను లెక్క వెట్టి సూసిన, అది బాటిల్ కన్నా అగ్గువనే పడ్తది. నూనె, పప్పు, చాయ్‌పత్తి అట్ల కాదు, పావుకిలో పావుకిలో తెచ్చుకుంటే పిరం. అయితే ఐదు కిలోలు ఒక్కసారి తెద్దామంటే కూలోళ్ల చేతుల ఒక్కసారి అన్ని పైసలు ఉండయి, మనిషి తెల్వక కొంటలేడు, లేక కొంటున్నడు.

ఇంకోటి చెప్త. 2023 డిసెంబర్ 9 నుంచి మా ఆడోళ్లకు ఆర్టీసీ బస్సుల టికెట్ లేదు. నేను హన్మకొండకు వారంల మూడుసార్లు వస్త, ఆ టికెట్ పైసలు మిగిలినట్టే కదా, ఏడున్నయ్ అని ఎతికితే లేవు. బస్టాండ్ల దిగంగనే ఏదో ఒకటి కొనుడు అలవాటయింది. ఇప్పుడు పాత టికెట్ పైసలు ఎన్నో అన్ని బస్సెక్కంగనే పర్సుల ఇంకో జిప్పుల ఏస్త, మీటింగ్ దినం సంఘంల కడ్త.

తమ్మి గల్లగురిగి, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నీకు బయట అప్పు ఏమన్న ఉందా? ఎంత మిత్తికి?

గల్లగురిగి, హన్మకొండ
ఉందక్కా. అవ్వ ఆపరేషన్‌కు తెచ్చిన, 50 వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 1,500 కడ్తున్న రెండేండ్ల నుంచి. మీరడిగినంక నోట్‌బుక్కు మళ్ల తీసి సూసిన, అండ్ల మిత్తి రాయనేలేదు. 12 రూపాయల చాయ్ రాసిన గాని 1,500 రాయలే, అది పోయేదే అని మనసుల ఎప్పుడో అనేస్కున్న.

పరకాల అక్క, పొదుపు సంఘం
ఆర్డీ తర్వాత సూడు తమ్మి. వెయ్యి పోస్టాఫీసుల ఏస్తే నెలకు ఐదున్నర రూపాయల మిత్తి వస్తది, అదే వెయ్యి అప్పుల కడ్తే నెలకు 30 రూపాయల మిత్తి తగ్గుతది. మీ ఇంటామె సంఘంల ఉందా? మా సంఘంల రూపాయి మిత్తికి ఇస్తం, ఆమె పేరు మీద తీస్కొని ఆ మూడు రూపాయలది తీర్పియ్యిండ్రి.

ఎనుమాముల హమాలి
అక్క చెప్పింది పట్టుకో. చాయ్ తాగు, సల్లగుండు. నీళ్ల బాటిల్ ఇంట్లకెళ్లి తెచ్చుకో, గదానికి ఎవ్వలు అడ్డం లేరు.

గల్లగురిగి, హన్మకొండ
ఆమె పోయినేడే సంఘంల చేరింది, లోన్‌కు ఇంకా నాలుగు నెలలు ఆగాలన్నరంట. అప్పిచ్చినాయన దగ్గరికి నిన్న వొయిన, పదివేలకు తక్కువైతే అసలుల జమ చేస్కోను అన్నడు. అందుకే సాయంత్రం బజ్జీలు, కూల్‌డ్రింక్, బాటిల్ బంద్ వెట్టిన, చాయ్ మూడు కాడ రెండు. ఇయ్యాల్టికి 11 దినాలు, 410 రూపాయలు డబ్బాల ఉన్నయ్, ఫోన్ల కాదు, నోట్లు చిల్లర. యూపీఐ లైట్ గూడ తీసేసిన.

పిల్లల ప్యాకెట్ల కాడనే ఇంకా తెగలే. షాపు నుంచి ఇంటికొచ్చేసరికి తొమ్మిదయితది, బండి సప్పుడు ఇనంగనే ఇద్దరు గేటు కాడికి ఉరికొస్తరు, చేతులే సూస్తరు. ఉత్త చేతులతోని పోలేకపోతున్న. అక్కా, మీ ఇంట్ల పిల్లలకు ఏమిస్తరు?

పరకాల అక్క, పొదుపు సంఘం
పల్లిపట్టి చేస్త తమ్మి. పల్లీలు కిలో, బెల్లం అరకిలో, ఇరవై దినాలొస్తది. జేబుల రెండు ముక్కలు ఏస్కొని పో, గేటు కాడ నువ్వే ఇయ్యి.