షాక్ వేవ్ చేయించుకున్నోళ్లు ఉన్నరా? నల్లగొండ, పాలమూరు దిక్కు

సాగర్_రోడ్డు: అన్నలూ, నాకు 46. షుగర్ ఉంది, అంగం గట్టిపడ్తలేదు. గోళీ ఏసుకుంటే పనైతది గని తలకాయ పగిలిపోతది, మొఖం ఎర్రగైతది. హైదరాబాద్‌ల ఒక క్లినిక్కోళ్లు అంగం మీద మిషన్‌తోని అలలు కొట్టే షాక్ వేవ్ ప్యాకేజీ చెప్పిండ్రు, పైసలన్ని ముందే కట్టాల్నట. షుగరున్నోళ్లకు పనిచేస్తదా? ఇంట్ల చెప్పాల్నా?

పాలమూరు_పోరడు: సూది లేదు, మత్తు లేదు. జెల్ రాసి టకటక కొడ్తరు, గంతే. నాకైతే మంచిగైంది. బోగస్ అనేటోళ్లు ఒక్కసారన్న చేయించుకున్నరా?

మిర్యాలగూడ_మిల్లు: నేను చేయించుకున్న తమ్మీ. ఏం ఫరక్ లేదు. గ్యారంటీ అన్నోడు ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేడు.

దేవరకొండ_పెద్దాయన: కిడ్నీల రాళ్లు పగలగొట్టేది గిదే గదా? నాకు కొట్టినప్పుడు మూత్రంల నెత్తురొచ్చింది. గా జాగల ఎట్ల పెట్టిచ్చుకుంటరయ్యా!

ఫిజియో_భాయ్: పెద్దాయనా, రాళ్ల మిషన్ వేరు. అది 1980ల జర్మనీల, మ్యూనిక్‌ల మొదలైంది. ఇది చాన తక్కువ పవర్, చదరపు మిల్లీమీటరుకు 0.09 మిల్లీజౌల్ లెక్క. కొత్త రక్తనాళాలు పుడ్తయని ఆశ. 2010ల ఇజ్రాయెల్ డాక్టర్లు ముందుగాల రాసిండ్రు. ఏండ్ల సంది గీ మిషన్ నడుపుతున్న, మడమ నొప్పులకు. నాకు నేర్పొద్దు ఎవ్వరు.

మిర్యాలగూడ_మిల్లు: లొల్లంత గక్కడనే ఉంది. మడమలకు చాన తాన వాడేది రేడియల్. గాలి ఒత్తిడికి లోపటి గుండు పోయి తగుల్తది, పైపైన అదురుతది. అది అసలు షాక్ వేవే కాదు. ఇజ్రాయెలోళ్లు వాడింది ఫోకస్డ్, లోపట ఒక్క జాగకు గురిపెట్టి కొట్టేది. రేడియల్ పెట్టి ఫోకస్డ్ రేటు గుంజుతుండ్రు.

ఫిజియో_భాయ్: బియ్యం పట్టేటోడు నాకు మిషన్ల గురించి చెప్పవట్టె.

మిర్యాలగూడ_మిల్లు: మిల్లుల బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్ కంప్రెసర్ రోజు నేనే చూస్త. గాలి ఏం జేస్తదో నాకెరుక. నీది ఫోకస్డా, రేడియలా? అది చెప్పు ముందు.

మునుగోడు_బోరు: గిదంత ఫ్లోరైడ్ నీళ్లతోని వచ్చిన నరాల వీక్‌నెస్. మన జిల్లల అందరికుంది.

మర్రిగూడోడు: మా ఊర్ల పండ్లు పోయినయ్, నడుములు వంగినయ్. నీ వీక్‌నెస్‌ను మా బాధకు ముడిపెట్టకు.

మునుగోడు_బోరు: 2015ల చౌటుప్పల్‌ల మిషన్ భగీరథ నల్లా నీళ్ల పైలాన్ కట్టినంక నీళ్లొచ్చినయ్ గదా, ఇంకేం బాధ?

మర్రిగూడోడు: నీళ్లొస్తే వంగిన నడుము లేస్తదా? ఎక్కడి మనిషివయ్యా నువ్వు.

స్టాఫ్‌నర్సు_నల్లగొండ: పైలాన్ సంగతి పక్కకు పెట్టుండ్రి. సాగర్ రోడ్డన్నా, మూడు నెలల షుగర్ టెస్టు, ఈసీజీ అయినయా? అంగం రక్తనాళాలు గుండెయి కన్న సన్నం, అడ్డం ముందుగాల గక్కడనే తెలుస్తది. ఛాతి నొప్పికి నైట్రేట్ గోళీలు వాడుతుంటే సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా గోళీ, ముట్టొద్దు, బీపీ పడిపోతది. అమెరికా యూరాలజీ డాక్టర్లు 2018ల షాక్ వేవ్‌ను ఇంకా పరిశోధన దశనే అన్నరు. పైసలు కట్టే ముందు యూరాలజిస్టుకు చూపెట్టు, క్లినిక్ ఏజెంటుకు కాదు. గోళీ పడకపోతే డోసు మారుస్తరు, వేరేది రాస్తరు.

పాలమూరు_పోరడు: మరి నాకెట్ల మంచిగైంది మేడం?

మిర్యాలగూడ_మిల్లు: నువ్వు గప్పుడే సిగరెట్ బంద్ జేసినవని నిరుడు నువ్వే రాసినవ్ గదా ఇక్కడ.

జడ్చర్ల_అల్లుడు: ఫిజియో అన్నా, మా అత్తమ్మకు పొద్దున మంచం దిగంగనే మడమ గుంజుతది. రేడియల్ పెట్టియ్యాల్నా?

ఫిజియో_భాయ్: ఇప్పుడే వద్దు. ముందుగాల మెత్తటి చెప్పులు, పిక్కలు సాగదీసే ఎక్సర్‌సైజు. నెలల తరబడి తగ్గకపోతే గప్పుడు సూద్దాం.