సినిమాల్లో విశ్వాసికి వినోదం దాటి ఇంకేమైనా ఉందా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. సినిమా లోకసంబంధమైనది, దాని జోలికే పోవద్దని కొందరంటారు. మంచి సందేశం ఉంటే చూడొచ్చని ఇంకొందరు. సందేశమే కావాలంటే ప్రసంగం ఉంది కదా, మరి సినిమా ఎందుకు? యూత్ మీటింగ్‌లో ఒకటి చూపించి మాట్లాడుకోవాలంటే ఎలా నడపాలి?

జవాబు 1:
చిక్కంతా ఆ ‘సందేశం’ అన్న మాట దగ్గరే ఉందండి. నాతాను ప్రవక్త, మరొకరి భార్యను తీసుకున్న దావీదు రాజు దగ్గరికెళ్లి మొదటే ఆ పాపం ఎత్తి చూపలేదు (2 సమూయేలు 12). ఒక పేదవాడు, వాడి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల, అది వాడి గిన్నెలోది తాగి వాడి ఒళ్లో పడుకోవడం, దాన్ని ఒక ధనవంతుడు లాక్కోవడం, ఇవన్నీ చెప్పాడు. దావీదు మండిపడి తీర్పు చెప్పేశాక అప్పుడన్నాడు, “ఆ మనుష్యుడవు నీవే” అని. మంచి సినిమా చేసేదీ ఇదే.

1948లో వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’ చూడండి. వాటికన్ 1995లో 45 సినిమాలతో ఇచ్చిన జాబితాలో, విలువల విభాగంలో ఉంది. బోధ చేయదు. ఒక తండ్రికి సైకిల్ ఉంటేనే ఉద్యోగం, ఆ సైకిల్ కాస్తా దొంగలపాలవుతుంది. చివరికి ఆ తండ్రే ఒక సైకిల్ ఎత్తుకుపోతూ కొడుకు కళ్లముందే దొరికిపోతాడు. సొంతదారు ఆ పిల్లవాణ్ణి చూసి వదిలేస్తాడు. పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తాడు, అంతే. దొంగ అంటే ఎవరో పరాయివాడు అనుకునే మనసు ఆ చెయ్యి చూశాక అలాగే ఉండదు.

జవాబు 2:
నడిపే పద్ధతి చెప్తాను. నడిపేవాళ్లు ముందుగా ఒకసారి పూర్తిగా చూసి తీరాలి. ఇబ్బందికరమైన సీన్ మీటింగ్ మధ్యలో వస్తే ఆపడం, ముందుకు తొయ్యడం మహా గందరగోళం. గంటన్నర సినిమాకి కనీసం 40 నిమిషాల చర్చ పెట్టుకోండి. సినిమా అవగానే రెండు నిమిషాలు ఎవరినీ మాట్లాడనివ్వొద్దు. మొదటి ప్రశ్న “ఏం నేర్చుకున్నారు?” కాకూడదు. అలా అడిగితే అందరూ సండే స్కూల్ జవాబే చెప్తారు. “ఏ సీన్ దగ్గర ఇబ్బందిగా అనిపించింది?” అని అడగండి. బైబిలు వాక్యం చివర్లో తెరవండి. ముందే తెరిస్తే సినిమా ఆ వాక్యానికి బొమ్మల పుస్తకం అయిపోతుంది.

జవాబు 3:
బైబిలు సినిమాలతోనే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే చూసిన బొమ్మ వాక్యం స్థానంలో కూర్చుంటుంది. పసి యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. మగ్దలేనే మరియ వేశ్య అని సువార్తల్లో లేదు, ఏడు దయ్యములు వదిలిపోయాయని మాత్రమే ఉంది (లూకా 8:2). బైబిలు సినిమా అయితే దాని కథ ఉన్న అధ్యాయం ముందు చదివి సినిమా తర్వాత చూపిస్తే, ఏది కలిపారో పిల్లలే పట్టేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లు ఉంటే?

జవాబు 2:
బలవంతం వద్దు. రోమా 14 భోజనం గురించి చెప్పినా సంగతి ఇదే: తినువాడు తినని వానిని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు. సినిమా పేరు, అందులో ఏముందో వారం ముందే చెప్పండి. రాని వాళ్లను ఎందుకు రాలేదని తర్వాత అడగొద్దు.