నెలలు తక్కువ పాప కోసం పాలు పిండే తల్లిని అర్ధరాత్రి లేపాలా, పడుకోనివ్వాలా?

రాజమండ్రి అక్క:
మా చెల్లికి 31వ వారంలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. పాప ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో ఉంది, చీకే శక్తి ఇంకా రాలేదు, ట్యూబ్‌తో పాలు పోస్తున్నారు. చెల్లి ఇంటికొచ్చేసింది, పంపుతో తీసిన పాలు మా మరిది తీసుకెళ్ళి ఇచ్చి వస్తున్నాడు. రెండో వారం నడుస్తోంది, రోజంతా కలిపినా 200 మి.లీ. దాటడం లేదు. అక్కడి సిస్టర్ రాత్రిపూట కూడా లేచి తీయాల్సిందే అంటోంది. మా అమ్మేమో పచ్చి బాలింతను నిద్ర లేపితే ఉన్న పాలు కూడా ఇంకిపోతాయి, కంటి నిండా పడుకుంటే పొద్దునకి అవే పడతాయి అంటోంది. నేను అమ్మ వైపే. కుట్ల నొప్పి, పాప దగ్గర లేదన్న బెంగ, వీటికి తోడు మూడు గంటలకోసారి ఆ మిషను, చెల్లి ముఖం చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఆకలికి ఏడ్చే బిడ్డ పక్కన లేనప్పుడు రాత్రి ఆరేడు గంటలు తల్లిని వదిలేస్తే ఏం పోతుంది?

ఎన్‌ఐసీయూ సిస్టర్, హైదరాబాద్:
అక్కా, ఏడ్చే బిడ్డ పక్కన లేదు కాబట్టే లేపాలి. నెలలు నిండిన బిడ్డయితే రాత్రి తనే తల్లిని లేపుకుంటుంది, చీకుతుంది, ఎన్ని పాలు తయారు కావాలో ఒంటికి తెలిసేది ఆ చీకడంతోనే. మీ పాప ఇప్పుడు ఆ పని చేయలేదు, పంపు చేయాలి. పాలు నిండి అలాగే ఉండిపోతే తయారయ్యే వేగం తగ్గుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ పెరుగుతుంది. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. అందుకే 24 గంటల్లో 8 నుంచి 10 సార్లు తీయమంటాం, రెండో వారం చివరికి రోజుకు 500 మి.లీ. దగ్గరికి రావాలని చూస్తాం. పాపకు ఇప్పుడు అన్ని అక్కర్లేదు, నిజమే. కానీ తను బరువు పెరిగి ఇంటికొచ్చాక అన్నీ కావాలి, ఈ మొదటి వారాల్లో పెరగని పాలను రెండో నెలలో పెంచాలంటే చాలా కష్టం. పైగా నెలలు తక్కువ పిల్లలకు పేగులు దెబ్బతినే జబ్బు ఒకటుంది, నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు. ప్రాణం మీదకు తెచ్చేంత జబ్బు. తల్లిపాలు తాగే పిల్లల్లో అది తక్కువ. మేం అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

కడప కోడలు:
సిస్టర్ గారూ, మీరు చెప్పిన సైన్సు కాదనను. కానీ నా మాట కూడా వినండి. నాకు కవలలు, ఇద్దరూ నెలలు నిండకుండానే పుట్టారు. మీలాగే మాకూ ఎనిమిది సార్లు అన్నారు, చేశాను. కొన్నాళ్ళకి పంపు శబ్దం వింటేనే ఏడుపొచ్చేది, అన్నం సహించేది కాదు, పిల్లల్ని చూడ్డానికి వెళ్ళాలన్నా వణుకు పుట్టేది. చివరికి డాక్టరమ్మే రాత్రి ఐదు గంటలు ఏకధాటిగా పడుకోమని రాసిచ్చింది, డిప్రెషన్‌కి మందు కూడా మొదలుపెట్టింది. పాలు తగ్గాయా అంటే తగ్గాయి, దాచను. మిగతాది వేరే తల్లులు ఇచ్చిన పాలు దాచే పాల బ్యాంకు నుంచి తెచ్చి పోశారు. పిల్లలు బాగున్నారు, నేనూ బాగున్నాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే చేస్తాను. తల్లి మనసు కూలిపోయాక ఎన్ని మిల్లీలీటర్లు వస్తే ఏం లాభం?

కాకినాడ నాన్న:
ఇక్కడ ఒక మాట ఎవరూ అడగలేదు. రాత్రి నిద్ర సంగతి సరే, పగలు ఆమెను ఎవరు పడుకోనిస్తున్నారు? మా ఇంట్లో చూశాను కదా, పొద్దున్నుంచి చుట్టాలు, ఫోన్లు, వచ్చిన ప్రతివాళ్ళూ పాలు పడ్డాయా అని అడగడం. ఆ మధ్యలో పంపు భాగాలు కడగడం, మరిగించడం, సీసా మీద పేరు, తేదీ, టైమ్ రాయడం, ఫ్రిజ్‌లో తలుపు దగ్గర కాకుండా లోపల పెట్టడం, ఐస్ బాక్సులో సర్దడం. వీటిలో తల్లి తప్ప ఇంకెవరూ చేయలేనిది పాలు తీయడం ఒక్కటే. మిగతావన్నీ నేను చేసేవాణ్ణి. రాత్రి మూడింటికి అలారం మోగితే ముందు నేను లేచి అన్నీ బిగించి ఇచ్చేవాణ్ణి, తీయడం అయ్యాక సీసా అందుకుని ఆమెను అక్కడే పడుకోమనేవాణ్ణి. అరగంటలో మళ్ళీ నిద్రపోయేది. లేపడమా మానడమా అని అక్కాచెల్లెళ్ళు కొట్టుకునే బదులు మీ మరిదిని ఆ మంచం పక్కన కూర్చోబెట్టండి.

నెల్లూరు అమ్మమ్మ:
మీరంతా మిషను గొడవలో పడి తిండి మర్చిపోయారమ్మా. మా వైపు బాలింతకు పాల సొర చేప పుట్టు పెడతాం, వెల్లుల్లి వేయించి పెడతాం, మునగాకు, మెంతికూర, పచ్చి బొప్పాయి కూర పెడతాం. ఊరికే రొట్టె ముక్క పాలల్లో ముంచి పెడితే పాలెక్కడి నుంచి వస్తాయి? మా అక్క కూతురికి వాటితోనే పాలు పడ్డాయి. నిద్ర లేకుండా, తిండి లేకుండా పిండితే నెత్తురొస్తుంది కానీ పాలు రావు.

విజయనగరం:
ఇంత చర్చ ఎందుకండీ, డాంపెరిడోన్ మాత్ర వేస్తే పాలు పెరుగుతాయి కదా. మా వదినకు మెడికల్ షాపులో ఇచ్చారు, పని చేసింది.

ఎన్‌ఐసీయూ సిస్టర్, హైదరాబాద్:
అమ్మమ్మ గారూ, తిండి విషయంలో మీతో నాకు పేచీ లేదు, బాలింతకు మాంసకృత్తులు, ఆకుకూరలు అన్నీ కావాలి. నా బాధంతా పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించడం గురించే, దాహం వేస్తే తాగనివ్వాలి. మెంతులు కూరలో వేసుకుంటే ఫర్వాలేదు. కానీ మాత్రలుగా, పొడులుగా ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొందరికి విరేచనాలవుతాయి, సుగర్ పడిపోతుంది. వాటితో పాలు పెరుగుతాయనడానికి ఆధారాలు కూడా బలంగా లేవు.
విజయనగరం గారూ, దయచేసి షాపులో అడిగి వేయించకండి. డాంపెరిడోన్ కొంతమందికి కొంతవరకు పాలు పెంచుతుంది, అది నిజం. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. గుండె జబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ఇంకా ప్రమాదం. డాక్టరు చూసి రాయాల్సిన మందు అది, అదీ సరిగ్గా తీస్తున్నా పాలు రానప్పుడు.
కడప అక్కా, మీ డాక్టరు చేసిందే సరైన పని. ఏడుపు, భయం, తిండి సహించకపోవడం ఉంటే నిద్రే ముందు. పాశ్చరైజ్ చేసిన, అంటే వేడి చేసి క్రిములు చంపిన బ్యాంకు పాలు డబ్బా పాలకంటే ఈ పిల్లలకు మేలు, ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989 నుంచే ఇస్తున్నారు, ఇక్కడ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పాల బ్యాంకు ఉంది. కానీ వేడి చేయడంలో రక్షణ ఇచ్చే పదార్థాలు కొన్ని పోతాయి, అందుకే సొంత తల్లి పాలు వచ్చే దారి ఉన్నంతవరకు ముందు ఆ దారే చూస్తాం.
రాజమండ్రి అక్కా, అసలు ఏ పంపు వాడుతున్నారు? రొమ్ముకు ఆనించే కప్పు సైజు ఎంత?

రాజమండ్రి అక్క:
బ్యాటరీతో నడిచేది, ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఒక వైపు అయ్యాక ఇంకో వైపు తీయాలి. కప్పు సైజు అంటే తెలియదు, దానితో వచ్చిందే వాడుతోంది, చనుమొన రాసుకుపోయి మండుతోంది అంటోంది.

ఎన్‌ఐసీయూ సిస్టర్, హైదరాబాద్:
సగం సమస్య అక్కడే ఉండొచ్చు అక్కా. ఆసుపత్రుల్లో వాడే రకం పెద్ద మిషను, రెండు వైపులా ఒకేసారి తీసేది, అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి, టైమ్ కూడా సగానికి తగ్గుతుంది. కప్పులు 21, 24, 27 మి.మీ. అలా ఉంటాయి, చనుమొన కొలిచి తీసుకోవాలి, నొప్పి పుడితే పాలు సరిగ్గా దిగవు. తీసేటప్పుడు చేత్తో రొమ్ము నిమురుతూ, చివర్లో కాసేపు చేత్తోనే పిండమనండి. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో జేన్ మోర్టన్ బృందం నెలలు తక్కువ పిల్లల తల్లుల మీదే చేసిన అధ్యయనంలో పంపుతో పాటు చేతిని కూడా వాడిన తల్లులకు పాలు బాగా పెరిగాయి. చెల్లిని రోజూ ఆసుపత్రికి రానివ్వండి, డాక్టరు సరేనంటే పాపను ఎద మీద పెట్టుకుని కంగారూ కేర్ చేయాలి, అది అయిన వెంటనే పాలు తీయాలి. రాత్రి 11కి ఒకసారి, 3కి ఒకసారి, మళ్ళీ 6కి. మధ్యలో మూడు గంటలకు పైగా నిద్ర దొరుకుతుంది. పాలు నిలకడగా వచ్చాక ఆ మూడింటిది వదిలేయొచ్చేమో అప్పుడు చూద్దాం.

కడప కోడలు:
మంచి మాటలే. కానీ ఇంతమందిమి మాట్లాడాం, మీ చెల్లి ఏమంటోందో ఎక్కడా లేదు. ఆమెను అడిగారా?

రాజమండ్రి అక్క:
మీ మెసేజ్ చూశాకే అడిగాను. లేస్తానంది. పాప కోసం తను చేయగలిగింది ప్రస్తుతం అదొక్కటే అట, అది కూడా మానేయమంటే ఇంకా బాధగా ఉంటుందట. కానీ సీసా ఎత్తి ఎంతొచ్చిందని తన ముందు ఎవరూ చూడొద్దంది, అమ్మ కూడా. ఆ మాట అమ్మకు నేనే చెప్తాను. రేపు మిషను అద్దె కనుక్కోమని మరిదికి చెప్పాను, మూడింటి అలారం కూడా అతని ఫోన్‌లోనే పెట్టించాను. కానీ కడప అక్కా, చెల్లికి మీరు చెప్పినట్టు ఏడుపు, అన్నం సహించకపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం ఎవరేమన్నా సరే ఆ రాత్రి నేను లేపను, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.