ఇంటికి మేలైన హీట్ పంప్ వ్యవస్థ: 5 టన్నులా, 3 టన్నులా? పాత డక్టులను ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. మాది 2,200 చదరపు అడుగుల రెండంతస్తుల ఇల్లు. మా ప్రాంతంలో వేసవి పగళ్లు 38 డిగ్రీలు దాటుతాయి, గాలిలో తేమ కూడా ఎక్కువే. శీతకాలంలో కొన్ని రాత్రులు మైనస్ 12 వరకు దిగిపోతాయి. ఇన్నేళ్లూ చల్లదనానికి ఒక సెంట్రల్ ఏసీ, వెచ్చదనానికి ఒక గ్యాస్ ఫర్నేస్ ఉండేవి. రెండూ ఒకే డక్టుల ద్వారా గదులకు గాలి పంపేవి. ఇప్పుడు రెండింటికీ కాలం చెల్లింది. అమ్మ, నాన్నగారు మా దగ్గరే ఉంటున్నారు, నాన్నగారికి ఉబ్బసం ఉంది. అందువల్ల ఈసారి ఖర్చుకు వెనకాడకుండా, పదిహేనేళ్లు నిశ్చింతగా ఉండగలిగే వ్యవస్థను పెట్టించాలని నిర్ణయించుకున్నాము.

ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. మొదటివారు ఇంటి వైశాల్యం అడిగి, పాత యంత్రం ఎన్ని టన్నులదో చూసి, పావుగంటలో 5 టన్నుల ఇన్వర్టర్ హీట్ పంప్‌ను సూచించారు, అంటే వేసవిలో చల్లదనాన్నీ, శీతకాలంలో వెచ్చదనాన్నీ ఒకటే ఇస్తూ, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే యంత్రం. ఆ కంపెనీ యంత్రాలలో కరెంటు పొదుపులో దానిదే అన్నిటికన్నా ఎక్కువ రేటింగు అని చెప్పారు. రెండోవారు దాదాపు మూడు గంటలు ఇంట్లో తిరిగి, కిటికీలు కొలిచి, అటక ఎక్కి చూసి, 3 టన్నులు చాలునన్నారు. పైగా యంత్రం మీద పెట్టదలచిన డబ్బులో కొంత డక్టుల మరమ్మతుకు మళ్లించమన్నారు. వారు చెప్పిన యంత్రం రేటింగు కొంచెం తక్కువ. ఇంత ఖర్చు పెడుతూ చిన్న యంత్రాన్ని, తక్కువ రేటింగు ఉన్నదాన్ని ఎందుకు తీసుకోవాలో నాకు అర్థం కావడం లేదు. మండుటెండలో ఇల్లు చల్లబడకపోతే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారని భయంగా ఉంది. అనుభవమున్నవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

నేను ఇళ్లకు ఈ వ్యవస్థలను రూపొందించే పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన రెండు ప్రతిపాదనలలో నేను రెండోదాని వైపే మొగ్గుతాను. కారణాలు కొంచెం విస్తారంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటును తరువాత దిద్దుకోవడం చాలా కష్టం.

ముందు టన్ను అనే మాటను చూద్దాం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని తరలించగలగడం, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. ఇది యంత్రం ఎంత మోయగలదో చెబుతుందే తప్ప ఇల్లు ఎంత అడుగుతుందో చెప్పదు. ఇల్లు అడిగేది గోడలు, పైకప్పు, కిటికీలు ఏ దిక్కుకు ఉన్నాయి, అటకలో ఇన్సులేషన్ ఎంత మందంగా ఉంది, సందుల్లోంచి గాలి ఎంత చొరబడుతోంది, ఇంట్లో ఎందరు ఉంటారు అనే విషయాలను బట్టి ఉంటుంది. వీటన్నిటినీ కొలిచి గది గదికీ విడిగా లెక్కకట్టడాన్ని లోడ్ లెక్క అంటాము. అమెరికాలో దీనికి మాన్యువల్ జె అనే ప్రామాణిక పద్ధతి ఉంది. మీ ఇంట్లో మూడు గంటలు తిరిగినవారు చేసింది ఇదే అయివుంటుంది. వైశాల్యాన్ని ఒక అంకెతో భాగించి టన్నులు చెప్పేవారికి పడమటి ఎండ పడే అద్దాల గదికీ, ఉత్తరపు నీడలో ఉన్న గదికీ తేడా తెలియదు.

ఇక ఎక్కువ టన్నులుంటే నష్టమేమిటన్నది మీ అసలు ప్రశ్న. ఇన్వర్టర్ యంత్రం గొప్పతనమంతా నెమ్మదిగా, ఎడతెగకుండా నడవడంలో ఉంది. కంప్రెసర్ వేగం తగ్గినప్పుడు అదే పెద్ద కాయిల్ (గాలితో వేడిని మార్చుకునే గొట్టాల చుట్ట) మీద తక్కువ వేడిని మార్చుకోవలసి వస్తుంది కనుక ప్రతి యూనిట్ కరెంటుకూ ఎక్కువ పని జరుగుతుంది. ఫ్యాన్ సంగతి మరీ స్పష్టం: దాని వేగం సగానికి తగ్గితే, అది తీసుకునే విద్యుత్తు సిద్ధాంతరీత్యా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయితే ప్రతి యంత్రానికీ అంతకన్నా నెమ్మదిగా నడవలేని ఒక కనిష్ఠ స్థాయి ఉంటుంది. ఉదాహరణకు 5 టన్నుల యంత్రం తన సామర్థ్యంలో 40 శాతం కన్నా కిందికి దిగలేదనుకుందాం. అంటే దాని కనిష్ఠమే 2 టన్నులు. మీ ఇంటికి ఏడాదిలో ఎక్కువ రోజులు కావలసింది ఒకటి, ఒకటిన్నర టన్నులే అయితే, మీరు ఎంతో ఖర్చుపెట్టి కొన్న ఇన్వర్టర్ పాతకాలపు ఏసీ లాగే ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. అందుకే గరిష్ఠ టన్నేజీ ఎంత అని కాకుండా, కనిష్ఠ టన్నేజీ ఎంత అని ఇద్దరినీ అడగండి. ఈ అంకె ప్రచార పత్రాల్లో కనిపించదు, సాంకేతిక పట్టికలో ఉంటుంది.

రేటింగు గురించి ఒక మాట. ఏ దేశపు కొలమానమైనా, అమెరికాలోని సీర్2 కావచ్చు, భారతదేశంలోని ఐసీర్ కావచ్చు, ఐరోపాలోని ఎస్‌సీఓపీ కావచ్చు, అది యంత్రం కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో ప్రయోగశాలలో నిర్ణీత పరిస్థితుల్లో లెక్కించిన సీజన్ సగటు. అమెరికా 2023 జనవరిలో పాత సీర్ బదులు సీర్2ను తేవడానికి ముఖ్యమైన కారణం, పాత పరీక్షలో డక్టుల ఒత్తిడిని నిజమైన ఇళ్లలో ఉండేదానికన్నా చాలా తక్కువగా తీసుకోవడమే. మీ డక్టులు ఇరుకుగా ఉంటే కొత్త అంకె కూడా మీ ఇంట్లో నెరవేరదు. ఒకే రకమైన రెండు యంత్రాల మధ్య రేటింగులో ఉండే చిన్న తేడా కన్నా, సరైన పరిమాణం, మంచి డక్టులు, శ్రద్ధగా చేసిన బిగింపు, ఇవి మీ బిల్లు మీద ఎక్కువ ప్రభావం చూపుతాయని నా అనుభవం.

రెండో జవాబు

పై జవాబులోని ప్రతి మాటా నేను స్వయంగా అనుభవించాను కనుక రాస్తున్నాను. మా ఇంటికి కూడా పెద్దదైతే మంచిదన్న ఆలోచనతోనే అవసరానికి మించిన యంత్రం బిగించారు. ఎండాకాలంలో అది పది నిమిషాల్లో గదిని 24 డిగ్రీలకు తెచ్చి ఆగిపోయేది. థర్మామీటరు ప్రకారం అంతా సరిగానే ఉండేది, కానీ ఒళ్లు జిడ్డుగా, దుప్పట్లు చెమ్మగా అనిపించేవి. తేమ కొలిచే చిన్న పరికరం తెచ్చి పెడితే 68 శాతం చూపించింది. మా అమ్మగారు చలిగా ఉందని దుప్పటి కప్పుకునేవారు, అయినా ఉక్కగా ఉందని అనేవారు. ఆ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో మాకు చాలాకాలం అర్థం కాలేదు.

తరువాత వచ్చిన టెక్నీషియన్ విషయం విడమరిచి చెప్పారు. గాలిలోని తేమ చల్లని కాయిల్ మీద నీటి చుక్కలుగా మారి, కాయిల్ పూర్తిగా తడిసి, ఆ నీరు జారి బయటికి పోవడం మొదలవడానికి కొంత సమయం పడుతుంది. అంతలోపే యంత్రం ఆగిపోతే కాయిల్ మీది నీరు మళ్లీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది. మేము గాలి ఆడుతూ ఉంటుందని ఫ్యాన్‌ను ఎప్పుడూ నడిచేలా పెట్టుకున్నాము, దానితో పరిస్థితి మరింత చెడింది. ఫ్యాన్‌ను ఆటో స్థితికి మార్చడంతో కొంత మేలు జరిగింది, కానీ చివరికి చిన్న యంత్రానికి మారిన తరువాతే ఇల్లు నిజంగా హాయిగా మారింది. ఇప్పుడు అది మధ్యాహ్నమంతా వినీ వినిపించనంత శబ్దంతో నడుస్తూనే ఉంటుంది, తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. మీ నాన్నగారికి ఉబ్బసం ఉందన్నారు కనుక ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. చెమ్మ నిలిచే ఇంట్లో బూజు, దుమ్ము పురుగులు పెరుగుతాయి, ఆ రెండూ ఉబ్బసానికి మంచివి కావు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మండుటెండ గురించి భయపడ్డానే కానీ, తేమ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు మరో రెండు సందేహాలు మిగిలాయి. మైనస్ 12 డిగ్రీల రాత్రుల్లో హీట్ పంప్ ఒక్కటే ఇంటిని వెచ్చగా ఉంచగలదా, లేక గ్యాస్ ఫర్నేస్‌ను కూడా కొత్తది పెట్టించుకోవాలా? రెండోది, డక్టుల మరమ్మతు నిజంగా అంత అవసరమా? అవి అటకలో ఉన్నాయి, పైకి చూస్తే బాగానే కనిపిస్తున్నాయి.

మూడో జవాబు

వెచ్చదనం విషయంలో నాకు తెలిసినది చెబుతాను. హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తరలిస్తుంది. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరొందిన శాస్త్రవేత్త విలియం థామ్సన్ 1852లోనే ఈ ఆలోచనను వివరించారు. మైనస్ 12 డిగ్రీల గాలి మనకు గడ్డకట్టే చలి అనిపించినా, అంతకన్నా చల్లగా ఉండే రిఫ్రిజరెంట్ (యంత్రం గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసే పదార్థం) దానిలోంచి వేడిని తీసుకోగలదు. మామూలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడినే ఇస్తే, మంచి హీట్ పంప్ ఒక మాదిరి చలిలో మూడు యూనిట్ల దాకా ఇస్తుంది. చలి ముదిరేకొద్దీ ఈ నిష్పత్తీ, యంత్రం ఇవ్వగల మొత్తం వేడీ రెండూ తగ్గుతాయి. శీతల ప్రాంతాల కోసం ప్రత్యేకంగా చేసిన నమూనాలు మైనస్ 25 వరకు కూడా పనిచేస్తాయి. కాబట్టి పెట్టె మీది టన్నేజీ చూసి ఊరుకోకుండా, మైనస్ 12 దగ్గర ఈ నమూనా ఎంత వేడి ఇస్తుందో పట్టికలో చూపించమని అడిగి, దాన్ని మీ లోడ్ లెక్కలోని శీతకాలపు అంకెతో పోల్చుకోండి. కొద్దిపాటి లోటు ఉంటే ఆ కొన్ని రాత్రులకు సహాయక హీటరు సరిపోతుంది.

ఫర్నేస్ ఉంచుకోవాలా అన్నది మీ ఇంధనాల ధరలను బట్టి ఉంటుంది, దానికి ఒక సులువైన లెక్క ఉంది. మేలురకం కండెన్సింగ్ ఫర్నేస్, పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లబరిచి అందులోని వేడిని రాబట్టుకుంటుంది కనుక, ఇంధనంలోని శక్తిలో సుమారు 95 శాతాన్ని ఇంటికి అందిస్తుంది. హీట్ పంప్ మూడింతలు ఇస్తున్నప్పుడు, ఒక కిలోవాట్ అవర్ కరెంటు ధర అంతే శక్తినిచ్చే గ్యాస్ ధరకు సుమారు 3.2 రెట్ల కన్నా తక్కువగా ఉంటే హీట్ పంప్‌దే లాభం. నిష్పత్తి రెండున్నరకు పడిపోయే చలిలో ఆ హద్దు సుమారు 2.6 రెట్లు అవుతుంది. ఈ లెక్కలో గ్యాస్ చవకగా తేలితేనే రెండింటినీ కలిపిన వ్యవస్థ గురించి ఆలోచించండి.

శీతకాలంలో బయటి యూనిట్ మీద మంచు పేరుకున్నప్పుడు యంత్రం కొన్ని నిమిషాలు దిశ మార్చుకుని దాన్ని కరిగిస్తుంది. అప్పుడు పొగలాంటి ఆవిరి లేస్తుంది, అది చెడిపోయిందని కంగారుపడకండి. కరిగిన నీరు పోయే దారి ఉండేలా యూనిట్‌ను కాస్త ఎత్తు మీద పెట్టించండి. పెద్దవాళ్ల పడకగది కిటికీ కింద పెట్టించకపోవడం మంచిది.

మొదటి జవాబు రాసినవారు

డక్టుల సంగతి నేను చెబుతాను. అటకలోని డక్టులు పైకి బాగున్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే కారేది ఇన్సులేషన్ కింద దాగివున్న అతుకుల దగ్గర. మామూలు ఇళ్లలో డక్టులలోకి వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే పోతుందని అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతుంది. చిల్లుకుండలో ఎంత మంచి నీళ్లు పోస్తే ఏం ప్రయోజనం? అంతేకాదు, గదుల్లోంచి గాలిని వెనక్కి లాగే రిటర్న్ డక్టుకు చిల్లు ఉంటే అటకలోని వేడిని, దుమ్మును అది నేరుగా పీల్చుకుని మీ నాన్నగారి గదికి పంపుతుంది. అతుకులను మామూలు టేపుతో కాకుండా మాస్టిక్ పూతతో మూయించి, తరువాత డక్టులను ఒత్తిడి పరీక్ష చేయించి, కారుదల ఎంత తగ్గిందో అంకెల్లో రాసి ఇవ్వమని అడగండి.

ఫిల్టరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఉబ్బసం ఉన్నవారికి మెర్వ్ 13 స్థాయి ఫిల్టరు (మెర్వ్ అంటే సన్నని దుమ్మును ఫిల్టరు ఎంతగా పట్టగలదో చెప్పే కొలమానం) మంచిదే, కానీ ఒక అంగుళం మందమున్న సన్నని ఫిల్టరును పాత చట్రంలో దూరిస్తే ఫ్యాన్‌కు ఊపిరాడదు. నాలుగైదు అంగుళాల మందమున్న వెడల్పాటి ఫిల్టరు పెట్టె పెట్టిస్తే గాలి సులువుగా ఆడుతుంది, మాటిమాటికీ మార్చే పనీ ఉండదు. థర్మోస్టాట్‌ను కూడా యంత్రం తయారీదారుదే తీసుకోండి. కేవలం ఆన్, ఆఫ్ అని మాత్రమే చెప్పే బయటి థర్మోస్టాట్ చాలా ఇన్వర్టర్ యంత్రాలను పాతరకం యంత్రాల్లా నడిపిస్తుంది. శీతకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రతను బాగా తగ్గించి తెల్లవారుజామున ఒక్కసారిగా పెంచకండి, అలా చేస్తే సహాయక హీటరు అనవసరంగా నడవడం మొదలవుతుంది.

రిఫ్రిజరెంట్ ఏదో కూడా అడగండి. భూమిని వేడెక్కించే శక్తిలో ఆర్-410ఏ కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 2,088 రెట్లు, ఆర్-32 సుమారు 675 రెట్లు, ఆర్-454బి సుమారు 466 రెట్లు. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించడానికి 2016లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణ తరువాత దేశాలు మొదటిదాన్ని క్రమంగా తగ్గిస్తున్నాయి కనుక, పదిహేనేళ్లు ఉంచుకోదలచిన యంత్రంలో అది లేకుండా చూసుకోవడం వివేకం. కొత్తవి స్వల్పంగా మండే గుణం కలవి, అందుచేత వాటితో పనిచేసే శిక్షణ ఉన్నవారే బిగించాలి.

చివరగా, రెండోవారితో ఒప్పందం చేసుకునే ముందు ఈ పనులు కాగితం మీద రాయించుకోండి. గదుల వారీ లోడ్ లెక్క ప్రతి మీకు ఇవ్వాలి. రాగి గొట్టాలను అతికేటప్పుడు లోపల నైట్రోజన్ ప్రవహిస్తూ ఉండాలి, తరువాత నైట్రోజన్ ఒత్తిడితో కారుదల పరీక్ష జరగాలి. ఆపైన గొట్టాల్లోని గాలిని, తేమను 500 మైక్రాన్ల (ఇక్కడ ఇది శూన్యాన్ని కొలిచే ఒత్తిడి ప్రమాణం) కన్నా కిందికి తోడి, పంపు ఆపిన తరువాత కూడా ఆ శూన్యం నిలుస్తోందని మీటరు మీద మీకు చూపించాలి. రిఫ్రిజరెంట్‌ను గొట్టం పొడవును బట్టి తూకం వేసి నింపాలి. గాలి ప్రవాహం టన్నుకు నిమిషానికి 350 నుంచి 400 ఘనపుటడుగుల మధ్య, డక్టుల మొత్తం ఒత్తిడి తయారీదారు చెప్పిన హద్దులోపల ఉన్నాయని కొలిచి రాయాలి. ఇదంతా జరిగే రోజు మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి, చివరి చెల్లింపును ఆ కొలతల పత్రం చేతికి వచ్చేదాకా ఆపండి.