రొయ్యల రైతులు - ఫోన్ వాడకం: ఏ స్టాటిస్టికల్ టెస్టు పెట్టాలి? అర్జంటు

పాలకొల్లు కుర్రోడు:
మధ్యాహ్నం నుంచీ ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చున్నానండి, బుర్ర వేడెక్కిపోయింది. ఎమ్మే సోషియాలజీ ప్రాజెక్టు. "రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తారు?" అంటే అందరిదీ ఒకటే మాట, "ఏదో అరగంటండి". గైడు గారు పనికిరాదు పొమ్మన్నారు. ఏ టెస్టు పెడితే తేడా కనిపిస్తుందో చెప్పండి ప్లీజ్.

వశిష్ఠ తీరం:
తప్పు టెస్టులో లేదు. ప్రశ్నలో ఉంది.

కాళ్ల రైతు:
అరగంటేంటండి బాబూ! తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోద్ది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో అని పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోను తలకింద పెట్టుకునే పడుకుంటాం. కరెంటు పోతే మోటారు స్టార్టర్ నుంచి కాల్ వస్తది. దాన్ని ఫోన్ చూడటం అని ఎవడంటాడు? అది చెరువు పని. అవన్నీ సరే, కౌంట్ ధరల గురించి, అదే కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత అన్నదాని గురించి కూడా రాయండి కాస్త.

రిటైర్డ్ లెక్చరర్:
రైతుగారు అసలు విషయం చెప్పేశారు. గుర్తుచేసుకుని చెప్పే గంటలకీ, ఫోన్‌లో నమోదయ్యే గంటలకీ పొంతన ఉండదు. 1990ల మొదట్లో బ్రిటన్‌లో రోజర్ సిల్వర్‌స్టోన్, డేవిడ్ మోర్లీ, ఎరిక్ హిర్ష్ అనే పరిశోధకులు గంటలు లెక్కపెట్టలేదు. వస్తువు ఇంట్లోకొచ్చాక ఎక్కడ పెట్టారు, ఎవరి చేతిలో ఉంది, రోజువారీ పనుల్లో ఎలా కలిసింది, ఊళ్లో దాన్ని చూపించి ఏం చెప్పుకుంటున్నారు అని చూశారు. టెక్నాలజీని మాలిమి చేసుకోవడం అన్నమాట. శ్రీరామ్ వెంకట్రామన్ అనే పరిశోధకుడు చెన్నై శివారు పల్లెల్లో 15 నెలలుండి సోషల్ మీడియా మీద 2017లో పుస్తకం తెచ్చారు. మీరు కూడా ఒక రోజు చెరువు గట్టు మీద కూర్చోండి. జనం మధ్యే ఉండి గమనించి రాసే ఎథ్నోగ్రఫీ అదే.

వశిష్ఠ తీరం:
ఒక రోజు కూర్చుంటే ఎథ్నోగ్రఫీ అవదు మాస్టారూ. చూసొచ్చాడంటారు.

రిటైర్డ్ లెక్చరర్:
ఎమ్మే కుర్రాడికి 15 నెలలెక్కడివి? పరిశీలన అందాం. సరేనా?

గణాంకాల గోపి:
కౌంట్ ధరలన్నారు కాబట్టి చెప్తున్నా. కేరళ చేపల మార్కెట్ల మీద ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007 పేపరుంది. 1997 నుంచి 2001 దాకా తీరం వెంబడి సెల్ సిగ్నల్ వచ్చినకొద్దీ రేవుకీ రేవుకీ ధరలో తేడా తగ్గింది, అమ్ముడుపోక పారబోయడం ఆగింది. ఫోనుంటే మార్కెట్టు బాగుపడుతుంది.

కాళ్ల రైతు:
పడవకేమండి, ఇంకో రేవుకి తిప్పుకుంటారు. నా చెరువు ఎక్కడికి తిప్పమంటారు? రొయ్యల పట్టుబడి రోజున ఐసూ లారీ కొనేవాడివే. వాట్సాప్‌లో ధర తెలుసుకుని బాధపడ్డానికే పనికొస్తంది.

గణాంకాల గోపి:
అది ఎకనామిక్స్ సమస్యండి, సోషియాలజీ కాదు.

రిటైర్డ్ లెక్చరర్:
కాదెందుకయ్యా? అచ్చంగా సోషియాలజీయే.

వశిష్ఠ తీరం:
కుర్రోడూ, ఎవర్ని అడిగావు? ఫోన్ ఎవరిది?

పాలకొల్లు కుర్రోడు:
ఇంటాయన్నే అడిగానండి. చాలా ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే కదా. సాయంత్రం పిల్లల దగ్గర, డ్వాక్రా మీటింగ్ రోజున ఆవిడ దగ్గర. అందరికీ తెలిసిందే కదాని రాయలేదు.

వశిష్ఠ తీరం:
అదే నీ ప్రాజెక్టు.

రిటైర్డ్ లెక్చరర్:
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లని విడిగా అడుగుతారు, స్వయంగా వాడుకునే ఫోనుందా అని. 2019-21లో దేశం మొత్తమ్మీద ఉందన్నది 54 శాతమే. ఫోను చేతులు మారే వేళల్ని ఆవిడ చేత, పిల్లల చేత ఒక వారం డైరీలా రాయించండి. పేర్లు మాత్రం వద్దు, ముందు అనుమతి అడగండి.

గణాంకాల గోపి:
డైరీ అయితే శాంపిల్ సైజు ఎంత పెడతారు?

పాలకొల్లు కుర్రోడు:
థాంక్సండి. కాళ్ల రైతు గారూ, రేపు పొద్దున్నే మీ చెరువు దగ్గరికి రావచ్చా?

కాళ్ల రైతు:
రండి. అయిదింటికల్లా.