స్టార్చ్ అనే మాట బట్టకు ఎప్పుడు అంటింది?

బట్టలకు పెట్టే గంజికి ఇంగ్లీషులో ఉన్న స్టార్చ్ అనే మాట పుట్టుకను రెండు వారాలుగా వెతుకుతున్నాను. నేను చూసిన మూడు నిఘంటువులూ దీన్ని బిగుసుకునేలా చేయడమనే అర్థంతో పండితులు ఊహించిన (రాతల్లో నేరుగా దొరకని) పాత ఇంగ్లీషు క్రియ 'స్టెర్కన్'కు ముడిపెట్టి, జర్మన్‌లో బలానికీ గంజికీ కూడా వాడే 'ష్టెర్కె'ను దాయాదిగా చూపి ఊరుకున్నాయి. (మన గంజి వంటింట్లో పుట్టిన మాట, వాళ్లది బిగువులో పుట్టింది.)

చిక్కు ఇక్కడే ఉంది. సుమారు 1000 నాటి ప్రతిలో మిగిలిన 'జూడిత్' అనే పాత ఇంగ్లీషు కావ్యంలో ఈ ధాతువు 'స్టెర్కెడ్‌ఫెర్హ్థ్', అంటే గుండె దిటవైన, అనే సమాసంలో కనిపిస్తుంది గానీ, అక్కడ బట్ట ఊసే లేదు. నారబట్టకు గంజి పెట్టడమనే అర్థం మాత్రం 14వ శతాబ్దం చివరికి వాడుకలో ఉంది. 1564లో డింఘెన్ వాన్ డెర్ ప్లాస్సె అనే ఫ్లాండర్స్ మహిళ లండన్ చేరి మెడపట్టీలకు గంజి పెట్టడం నేర్పిన ఉదంతాన్నీ చదివాను, కానీ మాట అంతకుముందే ఉన్నందున అది అక్కరకు రాలేదు.

1000కీ 14వ శతాబ్దం చివరికీ మధ్య, ఇంటి ఖర్చుల లెక్కల్లో గానీ పదకోశాల్లో గానీ, ఈ క్రియను బట్టకు వాడిన ఉదాహరణ మీరెవరైనా చూశారా?